అమ్మ చేతులు కడిగితే ఫ్రిజ్‌కి జ్వరం

లొల్ల లాకులు దాటి కాస్త దూరం వచ్చాక, కాలవగట్టు మీద కొబ్బరిచెట్ల కింద వ్యాను నిలిపి పడుకున్నాం. తెల్లవారుజామున నాలుగింటికి అమ్మ తట్టి లేపింది.

"ఒరే, మీ పెట్టె ఎర్రకన్ను వేసింది. ఏవిటో చూడు."

ఫ్రిజ్ ఆగిపోయింది. లోపల చెయ్యి పెడితే చల్లగానే ఉంది గానీ వెనక మంట లేదు.

ఉగాది వెళ్ళిన వారం అది. నేను, మా ఆవిడ, అమ్మ, మా బావమరిది, నలుగురం హైదరాబాదులో బయల్దేరి రాజమండ్రిలో ఒక రాత్రి ఆగి, ధవళేశ్వరం బ్యారేజీ మీంచి బొబ్బర్లంక వైపు కోనసీమలోకి దిగాం. అంతర్వేది చూసుకుని, సఖినేటిపల్లి రేవులో పంటెక్కి (బళ్ళని ఏరు దాటించే బల్లకట్టు) నర్సాపురం దాటాలని లెక్క. లాడ్జీల బాధ లేకుండా పాత వ్యానుని ఇల్లులా కట్టించుకున్నాం: రెండు మంచాలు, గ్యాస్ పొయ్యి, నీళ్ళ ట్యాంకు, ఒక ఫ్రిజ్. ఫ్రిజ్ మా సోకు కోసం కాదు, అమ్మ ఇన్సులిన్ కోసం. వాడుతున్న పెన్ను కొన్నాళ్ళు బయట ఉన్నా ఫరవాలేదు, మూత తీయనివి మాత్రం 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. గడ్డ కడితే ఇక పారేయడమే. వ్యాను రేకు కింద ఎండ 40 దాటే రోజుల్లో ఇది చిన్న సంగతి కాదు.

ఇది ఇళ్ళలో ఉండే రకం ఫ్రిజ్ కాదు. విదేశీ కేరవాన్ నుంచి విప్పినది, బేరంలో దొరికింది. కంప్రెసర్ లేదు, మోటారు లేదు. వెనక ఇనప గొట్టాల చుట్ట, అందులో అమ్మోనియా, నీళ్ళు, హైడ్రోజన్, గొట్టాలు తుప్పు పట్టకుండా కాస్త సోడియం క్రోమేటు. అడుగునున్న బాయిలర్ని గ్యాస్ మంటతోనో కరెంటు హీటరుతోనో కాగబెడితే అమ్మోనియా ఆవిరై పైకి పోతుంది. పైన చల్లారి ద్రవమవుతుంది, ఫ్రిజ్ లోపలి గొట్టాల్లో హైడ్రోజన్ మధ్య మళ్ళీ ఆవిరవుతూ అక్కడి వేడిని లాగేస్తుంది. ఆ తర్వాత నీళ్ళలో కలిసి తనంత తనే జారుకుంటూ బాయిలర్ దగ్గరికి తిరిగొస్తుంది. జారడానికి కావలసింది వాలు ఒక్కటే. లాకుల దగ్గర నిలబడి చూస్తే ఈ కాలవలు కూడా అదే పని చేస్తున్నాయనిపించింది. కాటన్ దొర ఆనకట్ట 1852లో పూర్తయింది. అప్పట్నుంచీ డెల్టా చేలకి నీళ్ళు మోటారుతో కాదు, మట్టాల తేడాతోనే పారుతున్నాయి.

మట్టం చెడితే రెండూ చెడతాయి. వ్యాను నడుస్తున్నప్పుడు ఊగినా ఏం కాదు, గొట్టాల్లో ద్రవం అటూ ఇటూ కదులుతూనే ఉంటుంది. ఒరిగి నిలబడితేనే ప్రమాదం. పక్కకి 3 డిగ్రీలు, ముందుకీ వెనక్కీ 6 డిగ్రీలు దాటకూడదని తయారీదార్లు మామూలుగా చెప్పే మాట. దాటితే ద్రవం ఒక మూల నిలిచిపోతుంది, బాయిలర్ ఎండి కాలుతుంది, ఆ క్రోమేటు గట్టిపడి గొట్టం పూడుకుపోతుంది. గొట్టం చిల్లు పడితే బయటికొచ్చేది హైడ్రోజన్, అమ్మోనియా, పక్కనే మంట. అమెరికాలో ఈ రకం ఫ్రిజ్‌లతో బళ్ళు తగలబడే ప్రమాదం ఉందని తేలి తయారీదార్లు వాటిని వెనక్కి పిలిపించారు. బాయిలర్ వేడి హద్దు దాటితే ఫ్రిజ్‌ని ఆపేసే కాపలా పరికరాలు బిగించడం అప్పుడు పెరిగింది. మా దానికీ ఒకటి ఉంది. బాయిలర్ గొట్టానికి ఒక థర్మోకపుల్, అంటే వేడిని కొలిచే తీగ, దాని చివర అగ్గిపెట్టంత డబ్బా, డబ్బా మీద అంకె. నేను పెట్టిన హద్దు 215 డిగ్రీలు. దాటితే ఎర్రలైటు వెలిగి గ్యాసూ కరెంటూ రెండూ ఆగిపోతాయి.

ఆ తెల్లవారుజామున అంకె 208 ఉంది, మెల్లగా దిగుతోంది. బావమరిది దుప్పట్లోంచే తీర్పు చెప్పేశాడు: "ఫాల్స్ అలారం బావా. రీసెట్ కొట్టు." కొట్టలేదు. రసమట్టం తీసి ఫ్రిజ్ అడుగున పెడితే బుడగ ఒక అంచుకి అతుక్కుపోయింది. కోనసీమ నేల అరచెయ్యంత చదునంటారు. నిజమే, ఆ చదునంతా చేలదీ తోటలదీ. బండి నిలపడానికి దొరికేది గట్టు అంచే, దానికి రెండు పక్కలా వాలే. కింది చక్రాల కింద రెండు చెక్కలు పెట్టి బుడగ మధ్యకి రాగానే రీసెట్ కొట్టాం. తెల్లారేదాకా నిద్రపోలేదు గానీ పెట్టె మళ్ళీ నోరెత్తలేదు.

ఆత్రేయపురంలో పూతరేకులు కొన్నాం. బెల్లంవి కొంచెం, పంచదారవి కొంచెం. దాని గురించి ఇంతకంటే రాస్తే అమ్మ షుగరు సంగతి బయటపడుతుంది.

రావులపాలెం, కొత్తపేట దాటేదాకా అంతా సవ్యం. దాళ్వా చేలు పాలు పోసుకుంటున్నాయి, రోడ్డుకి అటూ ఇటూ అరటి. అంబాజీపేటలో ఒక కొబ్బరి దింపుల కళ్ళం పక్కన, గచ్చు మీద, రసమట్టం పెట్టి మరీ నిలిపాం. భోజనాలయ్యాయి. ఎర్రలైటు. రీసెట్. సాయంత్రం అమలాపురంలో టిఫిన్లయ్యాక మళ్ళీ ఎర్రలైటు. పొద్దున్నే ఇడ్లీలు తిన్నాక ఇంకోసారి. ప్రతిసారీ నేను రసమట్టం పట్టుకుని చక్రాల కింద దూరడం, బుడగ మధ్యలోనే ఉండటం. ఆగాక అంకె చూస్తే 181, 183. అదే అసలు గుట్టు, నాకు తట్టలేదు. ఇనప గొట్టం నిజంగా 215 దాకా కాగితే క్షణంలో 181కి ఎలా దిగుతుంది? గట్టు మీద 208 నుంచి దిగడానికి ఎంతసేపు పట్టిందో కళ్ళారా చూసినవాణ్ణి నేనే.

ఇన్సులిన్ పెన్నుల్ని అమ్మ కూజా మీద తడిగుడ్డలో చుట్టి పెట్టింది. హైదరాబాదు పొడి ఎండలో కూజా అద్భుతంగా పనిచేస్తుంది. ఇక్కడి ఉక్కలో నీళ్ళు ఆరితేగా చల్లబడటానికి!

అమలాపురంలో ఒక ఆటో ఎలక్ట్రీషియన్ని పిలిచాం. పెద్దాయన, చేతులు మంచి ఒడుపు. డబ్బాని అటూ ఇటూ తిప్పి చూసి, "ఈ డబ్బాయేనండి మీ ఫాల్టు. దీన్ని తీసేసి డైరెక్ట్ చేసేద్దాం, పోద్ది" అన్నాడు. బావమరిది అప్పటికే కట్టింగ్ ప్లయరు అందించేస్తున్నాడు. నేను వద్దన్నాను. కారణం అడిగితే హైడ్రోజను, క్రోమేటు అని మొదలుపెట్టాను, ఎవరూ వినలేదు. మా ఆవిడ ఒక్క ముక్కలో తేల్చేసింది: "అత్తయ్యగారు దాని పక్కనే పడుకుంటారు." ప్లయరు మళ్ళీ సంచిలోకి పోయింది. కాపలా కుక్క ఊరికే మొరుగుతోందంటే ఎందుకు మొరుగుతోందో చూడాలి గానీ గొలుసు విప్పి తరిమేయడమేమిటి? పెద్దాయన డబ్బులు కూడా తీసుకోలేదు, పని చెయ్యలేదు కదా అని.

బోడసకుర్రు వంతెన మీద గోదావరి పాయ వైనతేయ దాటి పాశర్లపూడిలో టీకి ఆగాం. వ్యాను వెనక గ్యాస్ గూడు చూసి కొట్టతను దగ్గరికొచ్చాడు. "వాసనేవన్నా వస్తందేటండీ?" లేదన్నాక కూడా ఒకసారి వంగి పీల్చి చూసుకున్నాడు. 1995 జనవరిలో ఇక్కడ గ్యాస్ బావి లేచిపోయి 65 రోజులు మండింది. అంత చూసిన ఊళ్ళో ఆ ప్రశ్నకి నవ్వకూడదు. నేనూ వెళ్ళి వెనక గొట్టాలన్నీ టార్చి వేసి చూశాను. అమ్మోనియా ఘాటు లేదు, క్రోమేటు కారితే కనపడే పసుప్పచ్చ మరక లేదు, మంట నీలంగా ఉంది. గొట్టాలు బాగున్నాయని అప్పుడు కాస్త ధైర్యం వచ్చింది.

అంతర్వేది చేరేసరికి పొద్దు వాలింది. దర్శనం చేసుకుని, వశిష్ఠ సముద్రంలో కలిసే అన్నాచెల్లెళ్ళ గట్టు దాకా వెళ్ళొచ్చి, భోజనానికి కూచున్నాం. అమ్మ చెయ్యి కడుక్కుంటోంది. టక్. ఎర్రలైటు.

"ఒరే, నేను చెయ్యి కడిగినప్పుడల్లా దీనికి జ్వరమొస్తోందిరా" అంది అమ్మ.

అందరం నవ్వాం. ముందుగా ఆగింది నా నవ్వే. భోజనాలయ్యాక, టిఫిన్లయ్యాక, ఇడ్లీలు తిన్నాక. నిజమే కదా!

బావమరిదిని కొళాయి దగ్గర నిలబెట్టి నేను టార్చితో వెనక్కి వెళ్ళాను. మా పసుప్పచ్చ మల్టీమీటరుతో పాటు వేడి కొలిచే చిన్న తీగ ఒకటి వచ్చింది, ఏనాడూ వాడలేదు. దాని చివరి పూసని బాయిలర్ గొట్టం మీద, డబ్బా తీగ పక్కనే బిగించాను. డబ్బా 182, మీటరు 183.

"తిప్పు!"

పంపు గుర్రుమంది. డబ్బా 233. టక్. మీటరు 183.

"ఆపు!" డబ్బా 182.

బాయిలర్‌కి ఏ జ్వరమూ లేదు. జ్వరం థర్మామీటరుదే. థర్మోకపుల్ ఇచ్చే విద్యుత్తు డిగ్రీకి 40 మైక్రోవోల్టులకి అటూ ఇటూ. అంటే రెండు మిల్లీవోల్టులు ఎక్కడినుంచి చొరబడినా డబ్బాకి 50 డిగ్రీలు ఎక్కువ కనపడుతుంది. ఎక్కడినుంచి? డబ్బా ఎర్తూ, నీళ్ళ పంపు ఎర్తూ ఒకే బోల్టు కింద బిగించి ఉన్నాయి. పంపు నాలుగు యాంపియర్లు లాగుతుంది. కొళాయి తిప్పి, ఆ బోల్టుకీ బ్యాటరీ నెగటివ్‌కీ మధ్య మీటరు పెడితే 68 మిల్లీవోల్టులు! బోల్టు మంచిదైతే అంత ఉండకూడదు. అది థర్మోకపుల్లోకి దూరడానికి దారి కూడా దొరికింది: తీగ రేకు అంచు మీదుగా వచ్చే చోట తొడుగు అరిగిపోయి, తీగ వ్యాను బాడీకి తగులుతోంది. మల్టీమీటరు తన బ్యాటరీ మీద తను బతుకుతుంది, బాడీతో సంబంధం లేదు, అందుకే నిజం చెప్పింది.

మర్నాడు పొద్దున మలికిపురంలో మోటారు వైండింగ్ షాపుకి వెళ్ళాను. చేపల, రొయ్యల చెరువులున్న చోట నీళ్ళలో గాలి కలిపే ఏరేటర్ల మోటార్లు కాలుతూనే ఉంటాయి, కాబట్టి వైండింగ్ షాపులకి కొదవ లేదు. మూరెడు గ్లాస్ స్లీవు, అంటే తీగకి తొడిగే గాజునూలు గొట్టం, అడిగితే షాపతను కత్తిరించి చేతిలో పెట్టాడు. తీగకి అది తొడిగి రేకు అంచుకి దూరంగా కట్టాను. కొళాయి తిప్పితే డబ్బా 182 దగ్గరే నిలబడింది.

"అయిపోయింది కదా, పద బావా" అన్నాడు వాడు. నేను బోల్టు కూడా విప్పాను. తీగ చివరి లగ్గు (బోల్టుకి తగిలించే రింగు) కింద నిగనిగలాడే తెల్ల పెయింటు! వ్యాను కట్టినవాళ్ళు పెయింటు గీకకుండానే బిగించేశారు. ఇన్నాళ్ళూ కరెంటు బోల్టు మరల్లోంచే నడిచింది. పోయిన నెల కాకినాడ బీచిలో మూడు రోజులున్నప్పుడు ఆ మరలకి ఉప్పు తుప్పు పట్టింది. రేకు మెరిసేదాకా సాండ్‌పేపరుతో రుద్ది, బిగించి, పైన గ్రీజు పూశాను. డబ్బా ఎర్తుకి వేరే తీగ లాగి తిన్నగా బ్యాటరీకి కలిపాను. ఇప్పుడు కొళాయి తిప్పితే బోల్టు దగ్గర 4 మిల్లీవోల్టులు. హద్దు 215 అలాగే ఉంచాను.

సఖినేటిపల్లి రేవులో పంటు కోసం గంట నిలబడ్డాం. పంటెక్కేముందు గ్యాస్ వాల్వు కట్టేయాలి, ఆ లోపల ఎవరికి తోచిన పరీక్ష వాళ్ళు చేశారు. అమ్మ మూడుసార్లు చేతులు కడిగింది. ప్రతిసారీ "వచ్చిందా జ్వరం?" అని అరవడం, నేను వెనకనుంచి "రాలేదమ్మా!" అనడం. మా ఆవిడ గిన్నెలు తోమింది. బావమరిది నమ్మకం కుదరక కొళాయి తిప్పి వదిలేసి నిలబడ్డాడు.

పంటు వచ్చేసరికి ట్యాంకు ఖాళీ. నర్సాపురం గట్టెక్కాక టీ పెట్టుకోవడానికి నీళ్ళ క్యాను కొన్నాం.