బొగ్గు అంటుకునే దాకా

నిన్న డాలస్‌లో మా పెరట్లో గ్రిల్ వెలిగించాం. ఇన్నాళ్లూ బొగ్గుల మీద లైటర్ ఫ్లూయిడ్ పోసేవాళ్లం. పోయినసారి తొందరపడి చికెన్ పెట్టేస్తే ముక్కముక్కకీ కిరసనాయిలు లాంటి కంపు. పిల్లలు ముట్టుకోలేదు, చాలా బాధేసింది.

ఈసారి చిమ్నీ స్టార్టర్ కొన్నాను, అంటే బొగ్గులు రాజేయడానికి వాడే, కింద కన్నాలున్న రేకు గొట్టం. అడుగున రెండు న్యూస్‌పేపర్ కాగితాలు నలిపి పెట్టి, పైన బొగ్గులు నింపి, కింద నిప్పంటించడమే. వేడిగాలి పైకి పోతుంటే కింది కన్నాల్లోంచి కొత్త గాలి దానంతట అదే లోపలికి వస్తుంది. 15-20 నిమిషాల్లో పై బొగ్గులకి కూడా తెల్లగా బూడిద పట్టింది. అప్పుడే గ్రిల్‌లో గుమ్మరించాలి, ముందు కాదు.

అమ్మమ్మ కుంపటి ముందు కూర్చుని, కింది కన్నం దగ్గరే విసనకర్రతో విసిరేది. ఎందుకో నిన్న అర్థమైంది. చివర్లో మొక్కజొన్న కంకులు కూడా కాల్చాం, ఉప్పూ కారం నిమ్మకాయతో రుద్ది.