పందెం గుర్రం వీపుకు పాత జీను కుదుర్చుకున్న విధం

మలక్‌పేట రేసుల నుంచి రిటైరై స్వారీ నేర్పే చోట్లకు చేరే థరోబ్రెడ్ (పందేల జాతి) గుర్రాలు చాలావాటికి వీపు దాదాపు ఒకే తీరులో ఉంటుంది. మూపు, అంటే మెడ వీపును కలిసే చోటు, ఎత్తుగా, సన్నగా లేచి ఉంటుంది. భుజం ఎముక దాటగానే రెండు పక్కలా గుంటలు కనిపిస్తాయి. అలాంటి గుర్రానికి నేను సెకండ్ హ్యాండ్ కాన్పూర్ జీను తీసుకుని కుదుర్చుకున్నాను. డబ్బు కలిసిరావడం ఒక్కటే కారణం కాదు. ప్యానెళ్ళలో, అంటే జీను అడుగున వీపుకు ఆనే రెండు దిండ్లలో, ఉన్ని ఉన్న జీనును వీపు మారినకొద్దీ మార్చుకోవచ్చు, ఫోమ్ పెట్టిన జీనును మార్చలేం. పందేలు మాని మామూలు స్వారీకి అలవాటు పడే గుర్రానికి వీపు మారి తీరుతుంది.

జీను వెతకడానికి ముందే వీపు అచ్చు తీశాను. అమ్మేవాళ్ళు మొదట చెప్పే 17 అంగుళాలు, 17½ అంగుళాలు అన్నది ప్రధానంగా కూర్చునే మనిషి కొలత. గుర్రానికి ముఖ్యమైనవి చట్రం (తోలు లోపల జీనును నిలబెట్టే గట్టి గూడు) ముందు భాగం ఎంత విప్పారి ఉంది, ప్యానెల్ అడుగు ఏ ఆకారంలో ఉంది అన్నవే. అచ్చుకి డ్రాయింగ్ సామాన్ల షాపులో దొరికే ఫ్లెక్సిబుల్ కర్వ్, అంటే వంచిన ఆకారంలోనే నిలిచే పట్టీ, చాలు. 60 సెంటీమీటర్లది తీసుకోవాలి, 30 సెంటీమీటర్లది మూపు మీంచి రెండు పక్కలా చాలినంత కిందికి దిగదు.

గుర్రాన్ని చదునైన గచ్చు మీద, నాలుగు కాళ్ళ మీదా బరువు సమంగా పడేలా నిలబెట్టాలి. సాయిస్ (గుర్రాన్ని చూసుకునే మనిషి) దాని తలను నేరుగా పట్టుకోవాలి. మెడ పక్కకి తిరిగినా, ఒక వెనక కాలు సడలించి నిలబడినా గీత ఒక వైపుకి ఒరుగుతుంది, తర్వాత దాన్నే నిజమైన వంకర అనుకుంటాం. సుద్దతో మూడు గుర్తులు పెట్టాను. మొదటిది భుజం ఎముక వెనక అంచు నుంచి రెండు అంగుళాలు వెనక్కి. ఆ అంచు తెలియాలంటే ముంగాలిని మోకాలి దగ్గర పట్టి ముందుకు చాపించాలి. కాలు ముందుకెళ్ళినప్పుడు ఎముక పైఅంచు వెనక్కి జరగడం చేతికి తెలుస్తుంది. జీను ముందుభాగం ఆ కదలికకు అడ్డు రాకూడదు. రెండో గుర్తు వీపు బాగా దిగిన చోట. మూడోది చివరి పక్కటెముక మీద. గుర్రానికి 18 జతల పక్కటెముకలుంటాయి. చివరి ఎముకను పొట్ట పక్కన వేలితో పట్టుకుని, దాని వెంటే తడుముకుంటూ వెన్ను దాకా వెళితే జీను ఎక్కడ ఆగాలో దొరుకుతుంది. ఆ గీత వెనక వెన్నుకు పక్కటెముకల ఊతం లేదు, నడుము మీద బరువు పడితే గుర్రం వీపు దించేస్తుంది, వెనక కాళ్ళు ఈడుస్తుంది.

కర్వ్‌ను వీపు మీద అదిమి, ఆకారం చెదరకుండా రెండు చేతులతో ఎత్తి, కార్డుబోర్డు మీద పెట్టి లోపలి అంచు వెంటే గీయాలి. వీపును తాకింది ఆ అంచే కదా. ఎడమ, కుడి అని రాసి తేదీ వేయాలి. మూపు నుంచి మూడో గుర్తు దాకా వెన్ను వెంట నాలుగో గీత ఒకటి కూడా కావాలి, అది వీపు ఎంత వంగి ఉందో చెబుతుంది. ఎడమ భుజం కుడిదానికన్నా కాస్త నిండుగా ఉండే గుర్రాలు చాలా ఉంటాయి. ఈ గుర్రానికీ అంతే, గీతలో స్పష్టంగా కనిపించింది.

క్రీస్తు పూర్వం నాలుగో శతాబ్దంలో గుర్రపు స్వారీ గురించి గ్రంథం రాసిన గ్రీకు జెనొఫన్, వెన్నెముకకు రెండు పక్కలా కండ ఉబికి, వెన్ను ఆ మధ్యలో ఉన్న వీపు కూర్చోడానికి మెత్తగా ఉంటుందంటాడు. అప్పటి గ్రీకులకు చట్రమున్న జీనూ లేదు, పాదం పెట్టే రికాబులూ లేవు. ఈ రోజు జీను చేసే పని అంతా ఆ రెండు కండల మీదే. బరువు వాటి మీద పరుచుకోవాలి, మధ్యలో వెన్ను ఖాళీగా ఉండాలి. పందెం గుర్రానికి లేనిది సరిగ్గా ఆ కండే.

జీను దగ్గరికొస్తే మొదట చట్రం చూడాలి. తోలు మెరుపు చివర చూసినా ఫరవాలేదు. వెనక కమానును (సీటు వెనక లేచిన అంచు) నా పొట్టకు ఆనించి, ముందు కమాను (మూపు మీద వచ్చే వంపు) పట్టుకుని గట్టిగా లాక్కున్నాను. స్ప్రింగ్ చట్రమైతే నడిమి భాగం కొద్దిగా వంగి వదలగానే వెనక్కి వస్తుంది. సీటు మధ్యలో ఒకేచోట తోలు మడత పడితే చట్రం విరిగినట్టే. తర్వాత జీనును బోర్లించి, ముందు కమాను రెండు కొసలను దగ్గరికి నొక్కి, దూరానికి లాగి చూడాలి. అక్కడ స్ప్రింగ్ ఉండదు కాబట్టి ఏ మాత్రం కదిలినా, కిర్రుమన్నా ఆ జీను వదిలేయాలి. చివరగా వెనక నుంచి రెండు ప్యానెళ్ళ మధ్య కాలువ గుండా చూడాలి. కాలువ ఒక పక్కకి వంకరపోతే చట్రం మెలి తిరిగి ఉండొచ్చు. అది ఉన్నితో సరయ్యేది కాదు.

రికాబు తోళ్ళు తగిలించే ఉక్కు కడ్డీల కొసన చిన్న గొళ్ళెం ఉంటుంది. అది సులువుగా తెరుచుకోవాలి. స్వారీలో నేను దాన్ని తెరిచే ఉంచుతాను. మనిషి పడి పాదం రికాబులో ఇరుక్కుంటే తోలు వెనక్కి జారి ఊడి రావాలి. గొళ్ళెం మూసి ఉంటే గుర్రం ఈడ్చుకుపోతుంది.

తంగు (పొట్ట కింద నుంచి జీనును బిగించే పట్టీ) బకిల్ తగిలించే పట్టాలు పక్కకి మూడు. పక్కన వేలాడే తోలు ఫ్లాప్ ఎత్తి అవి ఎక్కడ పుడుతున్నాయో చూస్తే, మొదటిది ఒక నాడాకు (చట్రం మీంచి వచ్చే నేత పట్టీ), రెండోదీ మూడోదీ కలిసి ఇంకో నాడాకు కుట్టి ఉంటాయి. అందుకే తంగు రెండు బకిళ్ళలో ఒకటి ఎప్పుడూ మొదటి పట్టాకే పడాలి. రెండు, మూడు కలిపి వాడితే ఆ ఒక్క నాడా తెగితే మొత్తం తంగు పోతుంది. నాడా మీద కుట్టును గోరుతో గీరి చూడాలి, చెమట తాగి కుళ్ళిన నూలు పొడిగా రాలుతుంది. నేను తీసుకున్న జీనులో తోలు బాగానే ఉన్నా ఎడమ పక్క కుట్టు ఇలాగే రాలింది. పట్టాలన్నీ మోచీ దగ్గర మైనం పట్టించిన నార దారంతో కొత్తగా కుట్టించాను. రంధ్రాలు కోడిగుడ్డు ఆకారంలోకి సాగిన పట్టాలైతే కుట్టు కాదు, పట్టాయే మార్చాలి.

ఇప్పుడు గుర్రం మీద. నమ్దా (జీను కింద వేసే మందపాటి ఉన్ని పరుపు), దుప్పటి ఏదీ లేకుండా ఉత్త జీను. మూపు మీద కాస్త ముందుగా పెట్టి, వెంట్రుకలు పడుకునే దిక్కున వెనక్కి జరిపితే ఒకచోట తనే ఆగుతుంది. మూపుకూ ముందు కమానుకూ మధ్య మనిషి లేనప్పుడు మూడు వేళ్ళు, ఎక్కాక రెండు వేళ్ళకు తగ్గకూడదు. కాలువ మూడు నాలుగు వేళ్ళ వెడల్పున ముందు నుంచి వెనకదాకా ఒకటే తీరుగా ఉండాలి, వెనక నుంచి చూస్తే అవతల వెలుతురు కనిపించాలి. తర్వాత అరచేతిని ప్యానెల్ కింద ముందు నుంచి వెనక్కి జరిపాను. ముందూ వెనకా బిగువుగా ఉండి మధ్యలో చెయ్యి వదులైతే జీను వంతెన కట్టినట్టు లెక్క, మొత్తం బరువు నాలుగు చోట్ల గుచ్చుతుంది. ముందూ వెనకా నొక్కితే ఊగిందంటే చట్రం వంపు వీపు కన్నా ఎక్కువ.

చట్రం వెడల్పు దగ్గర చాలామంది తీసుకునే నిర్ణయంతో నేను ఏకీభవించను. గుంటలున్న వీపు చూడగానే ఇరుకు చట్రం తెస్తారు. అది ఆ రోజుకి చక్కగా కూర్చుంటుంది. కానీ చట్రం కొసలు గుంటల్లోకి దిగి బిగిస్తే, కండ పెరగాల్సిన చోటే రక్తం ఆడదు. పెరగడానికి జాగా లేని కండ పెరగదు, గుంట అలాగే ఉంటుంది. నేను అచ్చు కన్నా కాస్త వెడల్పు చట్రం ఎంచుకుని, ముందు ప్యానెళ్ళలో ఉన్ని పెంచి మూపుకు కావలసిన ఎత్తు తెచ్చాను. కండ వచ్చినకొద్దీ ఆ ఉన్ని తీసేయొచ్చు. అయితే ఈ తేడా కొంచెమే ఉండాలి. బాగా వెడల్పు చట్రాన్ని ఉన్నితో నిలబెట్టాలని చూస్తే కొన్నాళ్ళకే కుంగి మూపు మీద పడుతుంది.

ప్యానెల్ విప్పడానికి ముందు కమాను కిందా, వెనక కమాను చుట్టూ ఉన్న మందపు కుట్టును కోయాలి. చట్రం కొసలను జేబుల్లోంచి లాగితే ప్యానెల్ మొత్తం ఊడి వస్తుంది. పైకి కనపడని వైపున, ఒక్కో ప్యానెల్‌కు నిలువుగా చీలిక ఉంటుంది, పాత ఉన్ని తీసేది అక్కడినుంచే. గట్టిపడి ఉండలు కట్టినదంతా బయటికి రావాలి. పాత ఉండల మీద కొత్త ఉన్ని కూరితే అవే వీపుకు తగులుతాయి. ఇక్కడ కొందరు దూది కానీ, ఫోమ్ ముక్కలు కానీ నింపుతారు. దూది చెమట తాగి గడ్డకడుతుంది, ఫోమ్ ముక్కలు ఒక మూలకి చేరతాయి. శుభ్రంగా కడిగి ఏకిన స్వచ్ఛమైన గొర్రె ఉన్ని కావాలి. బికనేర్ వైపు తివాచీలకు వాడే రకం నాకు బాగా నప్పింది, దానికి సాగి తిరిగివచ్చే గుణం ఉంది. మన గొంగళ్ళకు వాడే దక్కనీ ఉన్నిలో ముతక బొచ్చు పాలు ఎక్కువ, అందుకని దాని జోలికి వెళ్ళలేదు.

ఉన్నిని మొదట తూచి రెండు సమానమైన కుప్పలు చేయాలి. కంటికి సమానంగా కనిపించిన ప్యానెళ్ళు తూకంలో తేడా రావడం మామూలే. తర్వాత వేళ్ళతో విప్పదీసి, చిన్న చిన్న పింజలుగా, చీలికకు దూరంగా ఉన్న కొసల నుంచి మొదలుపెట్టి మధ్యకి రావాలి. కొసకు గాడి ఉన్న చదునైన ఉక్కు పట్టీతో లోపలికి తోస్తూ, రెండో చెయ్యి బయట ప్యానెల్ మీదే ఉంచాలి, ఉండ ఎక్కడ పడిందో ఆ చెయ్యే చెబుతుంది. బొటనవేలితో నొక్కితే దిగి, తీయగానే లేవాలి. ఎక్కువ కూరితే ప్యానెల్ గుండ్రంగా ఉబ్బుతుంది, వీపును తాకే చోటు సన్నపడి జీను పక్కలకి దొర్లుతుంది. కార్డుబోర్డును గీత వెంట కత్తిరించి, ఆ అచ్చులను ప్యానెల్ అడుగున పెట్టి చూసుకుంటూ నింపాను. ఎడమ భుజం నిండుగా ఉంది కాబట్టి ఎడమ ముందు భాగంలో పిడికెడు తగ్గించాను. తగ్గించినదాన్ని తూచి రాసి పెట్టుకోవాలి.

మొదటి స్వారీలకు పలచటి తెల్ల నూలు గుడ్డ ఒకటే వేశాను. చెమట పట్టేదాకా నడిపి, జీను దించగానే వీపు చూడాలి. రెండు ప్యానెళ్ళ కింద తడి ఒకే తీరుగా, మధ్యలో వెన్ను మీద పొడిగా ఉంటే మంచిదే. తడి మధ్యలో అరచేతి కన్నా చిన్న పొడి మచ్చ ఉందంటే అక్కడ ఒత్తిడి చెమటను ఆపింది. వదిలేస్తే వాపు, పుండు, ఆ తర్వాత తెల్ల వెంట్రుకలు. మూపు పక్కన తెల్ల మచ్చలున్న గుర్రం కనిపిస్తే అది వెనకటి జీను రాసిన చరిత్ర. అలాంటి పొడి మచ్చను దాచడానికి ఇంకో నమ్దా వేస్తారు, గొంగడి మడిచి వేసేవాళ్ళూ ఉన్నారు. జీను ఇరుకైతే దాని వల్ల ఇంకా బిగుస్తుంది. కొత్త ఉన్ని మొదటి వారాల్లోనే కుంగుతుంది కాబట్టి ఆ దశలో ఒకసారి మళ్ళీ నింపడం మామూలు పని.

తంగు మోచేయి వెనక బెత్తెడు దూరంలో పడాలి. ఒకేసారి బిగించకూడదు: వదులుగా వేసి, నాలుగడుగులు నడిపించి, ముంగాళ్ళు ఒక్కోటీ ముందుకు చాపించి చర్మం మడతలు పోయాక బిగించాలి, ఎక్కిన కాసేపటికి మళ్ళీ చూడాలి. రికాబు స్టెయిన్‌లెస్ స్టీలుదే కావాలి, బూటు వెడల్పు కన్నా ఒక అంగుళం ఎక్కువ.

గాడిదకు జీను అడిగేవాళ్ళకు ఒక్క మాట. గాడిదకు మూపు పెద్దగా లేవదు, వీపు తిన్నగా ఉంటుంది, అందుకే గుర్రం జీను మెడ మీదికి జారిపోతుంది. దానికి తోక కింద నుంచి వచ్చే దుమ్చి గానీ, తొడల వెనక పట్టీ గానీ కావాలి. ఇసుక, ఇటుక మోసే గాడిదలకు గంత కింద ఒకే బొంత పరిస్తే బరువంతా వెన్ను మీదే పడుతుంది. రెండు పక్కలా రెండు దిండ్లు కుట్టి మధ్యలో నాలుగు వేళ్ళ సందు వదిలితే వెన్ను పుండ్లు చాలావరకు రావు.

వానాకాలంలో, ముఖ్యంగా తీరం వైపు ఊళ్ళలో, తోలుకు బూజు పడుతుంది. దాన్ని ఆరుబయట పొడి గుడ్డతో తుడవాలి, లేకపోతే సామాను గదంతా పాకుతుంది. ఆ తర్వాత గ్లిజరిన్ సబ్బు, పిండేసిన స్పాంజితో. ఎండలో పెడితే తోలు పెళుసెక్కుతుంది, నీడలో గాలికి ఆరాలి. నీట్స్‌ఫుట్ నూనె (పశువుల కాళ్ళ నుంచి తీసే నూనె) తోలు లోపలి వైపున పలచగా చాలు. తంగు పట్టాలకు నూనె పట్టిస్తే సాగిపోతాయి. కప్పడానికి నూలు గుడ్డ వాడాలి, ప్లాస్టిక్ వద్దు.

అచ్చు ఆరు నెలలకొకసారి మళ్ళీ తీసి పాత గీత మీద పెట్టి చూస్తాను. పని మారినా, గుర్రం ఒళ్ళు చేసినా, జబ్బుపడి చిక్కినా అప్పటికప్పుడే తీస్తాను. మొదటి గుర్తు దగ్గర గీత బయటికి జరిగితే ముందు ప్యానెళ్ళ నుంచి రెండు పక్కలా సమానంగా ఉన్ని తీయాలి. ఉన్ని పలచబడి, ప్యానెల్ పైనుంచి నొక్కితే చట్రం కొస చేతికి తగిలే దశ వచ్చిందంటే ఆ జీనులో ఇక చోటు లేదు. దాన్ని సన్నటి వీపున్న గుర్రానికి ఇచ్చేసి, కొత్త అచ్చుతో ఇంకో చట్రం వెతుక్కోవాలి.