మీ వీధి బార్ రాత్రి రెండింటిదాకా తెరుస్తామంటే

ఇంగ్లండ్, వేల్స్‌లో ఒక బార్ రాత్రి పన్నెండుకు బదులు రెండింటిదాకా మందు అమ్ముకోవాలంటే లోకల్ కౌన్సిల్ ఒప్పుకోవాలి. 2003 నాటి లైసెన్సింగ్ చట్టం 2005 నవంబరు 24న అమల్లోకి వచ్చినప్పటి నుంచీ ఇదే పద్ధతి. కింద బార్, పైన ఫ్లాట్ ఉన్న వీధుల్లో అద్దెకుంటున్న తెలుగువాళ్లు దీని గురించి తెలుసుకోవాలి. అభ్యంతరానికి 28 రోజులే గడువు, ఆ తర్వాత పంపిన ఉత్తరం లెక్కలోకి రాదు.

మొదట కనిపించేది దరఖాస్తు పెట్టిన బార్ బయట అంటించే లేత నీలం నోటీసు. ఏ4 సైజుకు, 16 పాయింట్ల అక్షరాలకు తగ్గకుండా, బయట నిలబడి చదవగలిగేలా 28 రోజులూ ఉండాలి. అది మెనూ బోర్డు వెనక దాగి ఉంటే తేదీ పడేలా ఫోటో తీసి లైసెన్సింగ్ విభాగానికి పంపండి. ప్రదర్శన సరిగా లేదని తేలితే గడువును మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టించే వీలుంది.

అభ్యంతరం ఎవరైనా రాయవచ్చు, ఫీజు లేదు. పక్కనే కాపురం ఉండాలన్న నియమాన్ని 2012లో తీసేశారు. అయితే మీ పేరు, చిరునామా మామూలుగా దరఖాస్తుదారుకు చేరతాయి, అది తెలిసే రాయండి.

ఎక్కువ ఉత్తరాలు వీగిపోయేది విషయం తప్పడం వల్లే. కౌన్సిల్ లైసెన్సింగ్ కమిటీ చూసేవి నాలుగే: నేరాలు, అల్లర్లు జరగకుండా చూడటం, జనం భద్రత, చుట్టుపక్కలవాళ్లకు ఇబ్బంది లేకుండా చూడటం, పిల్లల రక్షణ. ఇంటి ధర పడిపోతుందనో, ఈ వీధికి ఇన్ని బార్లు ఎందుకనో రాస్తే పక్కన పెట్టేస్తారు. ఆ ప్రాంతంలో ఇప్పటికే బార్లు కిక్కిరిశాయని కౌన్సిల్ తన విధానపత్రంలో ప్రకటించి ఉంటే మాత్రం బార్ల సంఖ్య గురించీ వాదించవచ్చు. ఆ పత్రం వెబ్‌సైట్‌లో ఉంటుంది, ముందు అది చదవండి.

"రోజూ గోలే, నిద్ర లేదు" అన్న వాక్యంతో పని జరగదు. ఇలా రాసుకోండి: "శనివారం, రాత్రి 12:40. వెనక సందులో సీసాలు డబ్బాలో పారబోశారు. 4 నిమిషాలు. కిటికీ మూసే ఉంది, పాప లేచింది." ఇలాంటివి మూడు నాలుగు వారాంతాలవి ఉంటే కౌన్సిలర్లు తీసిపారేయలేరు. ఊహకు ఎంత విలువో ఇంగ్లండ్‌లోని విరల్ ప్రాంతంలో ఒక హోటల్ కేసులో తేలింది. అక్కడ కౌన్సిల్ నిర్ణయం మీద అప్పీల్ విన్న మేజిస్ట్రేట్లు స్థానికుల భయాలను నమ్మి గంటలు తగ్గించారు. కానీ పోలీసులు షరతులు కుదరగానే అభ్యంతరం వెనక్కి తీసుకున్నారు, పెంచిన వేళలు నడిచినన్నాళ్లూ గొడవలు జరగలేదు. 2008లో హైకోర్టు ఆ తీర్పు కొట్టేసింది.

విచారణ సాధారణంగా ముగ్గురు కౌన్సిలర్ల ముందు జరుగుతుంది. "ఇవ్వొద్దు" అని ఒక్కటే పట్టుకు కూర్చోకండి. ఇస్తే ఏ షరతులతో ఇవ్వాలో కూడా అడగండి, నా లెక్కలో ఉత్తరంలో అన్నిటికన్నా విలువైన భాగం అదే. మందు ఆపే వేళ, తలుపులు మూసే వేళ వేర్వేరుగా, మధ్యన 30 నిమిషాలు ఉండేలా రాయించండి. లేకపోతే అందరూ ఒక్కసారే రోడ్డు మీద పడతారు. రాత్రి 11 నుంచి ఉదయం 8 దాకా బయట సీసాలు పారబోయకూడదని, సిగరెట్‌కు ఒకేసారి ఇంతమందికి మించి వెళ్లకూడదని అడగండి. సౌండ్ లిమిటర్, అంటే శబ్దం ఒక హద్దు దాటకుండా ఆపే పరికరం, పెడతామని బార్ వాళ్లే అంటారు. కానీ బయటి డీజే సొంత స్పీకర్లు తగిలిస్తే ఆ లిమిటర్ దండగ, అందుకే "ప్రతి సంగీతమూ లిమిటర్ గుండానే" అన్న మాట ఉండాలి. గోడల్లోంచి వచ్చేది బేస్, అంటే సంగీతంలోని లోతైన దడదడ. మామూలు డెసిబెల్ రీడింగ్ దాన్ని తక్కువ చేసి చూపిస్తుంది. ఆ లోతైన శబ్దం ఉండే 63, 125 హెర్ట్జ్‌ల దగ్గర విడిగా కొలవమనండి.

తాత్కాలిక ఈవెంట్ నోటీసు సంగతి వేరు. 21 పౌండ్లు కట్టి, 10 పనిదినాల ముందు చెబితే, 499 మందిదాకా, 168 గంటలదాకా ఒక కార్యక్రమం నడపవచ్చు. దీని మీద పోలీసులు, పర్యావరణ ఆరోగ్య విభాగం మాత్రమే అభ్యంతరం చెప్పగలరు, మనకు ఆ హక్కు లేదు. ఇలాంటి రాత్రుల్ని చూపించి "గొడవేమీ జరగలేదు" అని తర్వాత శాశ్వత పెంపు అడుగుతారు. కాబట్టి ఆ రాత్రుల డైరీ తప్పకుండా రాయండి, ఫిర్యాదు అదే రాత్రి కౌన్సిల్‌లో నమోదు చేయించండి.

హోటళ్లు నడిపే మనవాళ్లకు రెండు మాటలు. మందు లేకపోయినా రాత్రి 11 తర్వాత వేడి బిర్యానీ, టీ అమ్మాలంటే లైసెన్సు కావాలి. రాత్రి 11 తర్వాత మందు అమ్మే వేళ పెంచడానికి 89 పౌండ్ల చిన్న మార్పు దరఖాస్తు పనికిరాదు. పూర్తి దరఖాస్తే పెట్టాలి.

అనుమతి వచ్చేశాక కూడా లైసెన్సును పునఃపరిశీలించమని ఎప్పుడైనా అడగవచ్చు. దానికీ ఫీజు లేదు. దరఖాస్తు ప్రతులు లైసెన్సుదారుకు, పోలీసులతో సహా సంబంధిత విభాగాలన్నిటికీ అదే రోజు పంపాలి. ఒక్క ప్రతి తప్పినా దరఖాస్తు చెల్లదని అవతలి లాయరు మొదటే లేవనెత్తుతారు.