వంట గిన్నెలు కూడా ప్రతిష్ఠితమేనంట!
హాస్టల్ వంటింట్లో నాది డేగిశాలు తోమే డ్యూటీ, అడుగంటిన అన్నం ఎంత పీచు పెట్టి రుద్దినా ఓ పట్టాన వదలదు. మొన్న ఆదివారం పాస్టర్ గారు బైబిల్లో జెకర్యా 14వ అధ్యాయం చదివారు. నిర్గమకాండంలో ప్రధాన యాజకుడు అహరోను నుదుటి మీద ఉండే బంగారు రేకు మీద చెక్కిన ‘యెహోవాకు ప్రతిష్ఠితం’ అనే మాటే ఇక్కడ గుర్రాల గంటల మీద కూడా ఉంటుందంట, యెరూషలేములో ప్రతి వంటపాత్రా ప్రతిష్ఠితమేనంట, అంటే మా డేగిశా కూడా లెక్కలోకొచ్చినట్టే కదా! మైక్ పట్టుకుంటేనే దేవుని పరిచర్య అనేవాళ్లంటే నాకు ముందునుంచీ చిరాకే లెండి. ఇవాళ తోముతూ, ఇందులో అన్నం తినే పిల్లలకి పరీక్షలు బాగా జరగాలని ప్రార్థన చేసుకుంటుంటే కూరలు తరిగే అక్క వినేసి, మా వాడి పేరు కూడా కలుపవే అంది.