సబ్బు వద్దు

మన నర్సింగ్ బ్యాచ్ మళ్లీ కలిసేటప్పుడు వేసే సంచికకు ఏదైనా రాయమని కమిటీవాళ్లు ఫోన్ చేసినప్పుడు, దీపాలు వెలిగించి ప్రతిజ్ఞ చేసిన రోజు గురించి రాస్తాననుకున్నారేమో. మన బ్యాచ్‌లో అందరికీ అదే గుర్తు: గంజి పెట్టిన తెల్ల యూనిఫాం, గాలికి ఆరిపోతే పక్కనున్నదాని దగ్గర మళ్లీ అంటించుకున్న కొవ్వొత్తి. దాని గురించి ఒక్క మాట చెప్పి వదిలేస్తాను. ఆ రోజు మనం వణుకుతూ చదివిన నైటింగేల్ ప్రతిజ్ఞ, నర్సింగ్‌కు దారి చూపిన ఫ్లోరెన్స్ నైటింగేల్ రాసింది కాదు. 1893లో అమెరికాలో, డెట్రాయిట్‌లోని ఒక నర్సింగ్ స్కూలువాళ్లు రాసుకుని ఆమె పేరు పెట్టారు. అందులో ఏముందో నాకిప్పుడు సగం గుర్తులేదు. బాగా గుర్తున్నది ఒక గాజు టెస్ట్‌ట్యూబు.

రెండో సంవత్సరం. అనంతపురం చుట్టుపక్కల చేలల్లో బుడ్డలు, అంటే వేరుశనగ, పెరికే రోజులు. ఆ సీజన్లో నైట్ డ్యూటీ అంటే పాముకాట్ల డ్యూటీ. కళ్యాణదుర్గం వైపు నుంచి, ఉరవకొండ వైపు నుంచి ఆటోల్లో, ట్రాక్టర్లలో వేసుకొచ్చేవాళ్లు. కాలికి తువ్వాలు బిగించి కట్టి ఉండేది. సగం మందికి ఏం కరిచిందో తెలియదు.

అలాంటప్పుడు ముందు చేసేది ఇరవై నిమిషాల పరీక్ష. మిషను అక్కర్లేదు. రెండు మిల్లీలీటర్ల రక్తం తీసి, పొడిగా ఉన్న శుభ్రమైన గాజు ట్యూబులో పోసి, కదిలించకుండా 20 నిమిషాలు వదిలేయాలి. తర్వాత ఒక్కసారి వంచి చూడాలి. గడ్డకడితే అప్పటికి సరే, మళ్లీ మళ్లీ తీసి చూస్తూ ఉండాలి. నీళ్లలా జారితే రక్తపింజరో చిన్నపింజరో అనుకుని విషానికి విరుగుడు మొదలుపెడతారు. నాగుపాముకీ కట్లపాముకీ ఈ పరీక్ష పనికిరాదు. వాటి విషం నరాల మీద పనిచేస్తుంది. అక్కడ మనం కనురెప్పలు వాలుతున్నాయా, ఊపిరి ఎలా ఉందని చూస్తూ కూర్చోవాలి.

ఆ రాత్రి వచ్చినామెకు ముప్పై ఏళ్లుంటాయి. "ఏం కరిసిందో కనపళ్లేదు సారూ, బుడ్డలు కుప్ప ఏస్తాంటే కాలికి సురుక్కుమనింది" అన్నాడు భర్త. సిస్టర్ చెప్పినట్టే నేను రక్తం తీసి ట్యూబులో పోశాను, టైము రాశాను. ఇరవై నిమిషాలయ్యాక హౌస్ సర్జన్ వంచి చూస్తే రక్తం అటూ ఇటూ జారింది.

"విరుగుడు పది వయల్స్ స్టార్ట్ చేద్దాం సిస్టర్."

సిస్టర్ ఫ్రిజ్ వైపు నడిచింది. నేను డ్రిప్ స్టాండు లాగాను. అప్పుడు వెనక నుంచి ఆయమ్మ అంది: "పాపా, ఆ గాజు గొట్టం సాయంత్రం నువ్వు సబ్బుపొడి ఏసి కడిగితివే, అదే గదా?"

ఆమె పోస్టు పేరు ఎఫ్.ఎన్.ఓ., అంటే ఫిమేల్ నర్సింగ్ ఆర్డర్లీ. ఆ పేరుతో పిలిచినవాళ్లను నేను చూడలేదు, మనందరికీ ఆయమ్మే. ఇంతకుముందు ఇంకెవరో ఇలాగే కడిగితే సిస్టర్ కేకలేయడం ఆమె విని ఉంది. మనం క్లాసులో రాసుకున్నదే అది, ఆమెకు వినికిడి మీద వచ్చింది. ఈ పరీక్షలో రక్తం గడ్డకట్టడం మొదలయ్యేది గాజు తగిలినందువల్ల. మధ్యలో సబ్బు పొర ఉంటే మంచి రక్తం కూడా గడ్డకట్టకపోవచ్చు. సాయంత్రం ఖాళీగా ఉండి, నా అంత శుభ్రమైన స్టూడెంటు లేదనిపించుకుందామని ర్యాకంతా తోమిపెట్టాను.

ఆ క్షణంలో నిజం ఒప్పుకున్నానని రాసుకుంటే బాగానే ఉంటుంది. కానీ నా నోట్లోంచి మాట రాలేదు. "మామూలు నీళ్లతోనే కడిగాను" అని ఉంటే ఆయమ్మ మాట నిలబడేది కాదని, యూనిఫాం మాటే నిలబడేదని నాకు తెలుసు. ఆ ఆలోచన వచ్చింది కూడా. ఇంతలో సిస్టర్ ర్యాక్‌లోంచి ఇంకో ట్యూబు తీసి వాసన చూసింది. నిమ్మకాయ వాసన.

"సార్, ట్యూబు నమ్మకం లేదు. మళ్లీ చేద్దాం."

అర్ధరాత్రి, బయట ఇంకో రెండు ఆటోలు. విసుక్కోవడానికి ఆయనకు అన్ని కారణాలూ ఉన్నాయి. విసుక్కోలేదు. మళ్లీ వెళ్లి కాలు చూశాడు, రక్తం కారుతోందేమోనని చిగుళ్లు చూశాడు. "వాపు కూడా లేదు కదా" అని తనలో తాను అనుకున్నట్టు అన్నాడు. సిస్టర్ బీరువాలోంచి కొత్త ట్యూబు తీసింది. నన్ను గడియారం కింద నిలబెట్టారు. అంత పొడుగు ఇరవై నిమిషాలు నా జీవితంలో మళ్లీ రాలేదు, నా కాన్పుతో సహా. వంచితే జున్నుముక్కలా అడుగునే ఉండిపోయింది.

ఇచ్చేస్తే ఏమయ్యేదని కొత్తవాళ్లు అడుగుతారు. ఆ మందు గుర్రాల రక్తం నుంచి తీసేది. కొందరికి ఒళ్లంతా దద్దుర్లు వస్తాయి, కొందరికి బీపీ పడిపోతుంది, ఊపిరాడదు. అందుకే అడ్రినలిన్ పక్కన పెట్టుకునే మొదలుపెడతారు. అవసరం ఉన్నవాళ్లకు ఆ రిస్కు తీసుకోవాల్సిందే. ఆమెకు అవసరం లేదు.

తెల్లవారుజామున టీ తాగుతూ సిస్టర్ ఒకే మాట అంది. "కడిగినందుకు తిట్టను. కడిగినట్టు చెప్పనందుకు తిట్టాలి, కానీ ఇప్పుడు ఓపిక లేదు." ఎనిమిదింటికి హ్యాండోవర్. ఆ పేషెంటు మంచం దగ్గరికి రాగానే సిస్టర్ డే డ్యూటీవాళ్లందరి ముందు నన్నే చెప్పమంది. చెప్పాను. రిపోర్టు బుక్కులో మాత్రం నా పేరు లేదు. "ట్యూబు సబ్బుతో కడిగి ఉన్నందున పరీక్ష మళ్లీ చేయడమైనది" అని ఒక్క లైను. ఆ రోజే ప్లాస్టర్ ముక్క మీద "సబ్బు వద్దు" అని రాసి ర్యాక్‌కు అంటించాను. ఆయమ్మకు చదువు రాదు. ఆ చీటీ చదువు వచ్చినవాళ్ల కోసం.

కొన్ని వారాలకు నిజం కేసు వచ్చింది. ఎనిమిదేళ్ల పిల్లాడు, మోకాలి దాకా వాపు, కొత్త ట్యూబులోనూ రక్తం నీళ్లే. "పిల్లాడికి కూడా పదా సార్?" అన్నాను. "పాముకు వీడు పిల్లాడని తెలీదు కదమ్మా, విషం అంతే పోసింది" అన్నాడు హౌస్ సర్జన్. ఆ మందు పొడిగా వస్తుంది. నీళ్లు కలిపాక ఊపితే నురుగొస్తుంది, అరచేతుల మధ్య మెల్లగా దొర్లించాలి. ఒక్కరే పది చేయాలంటే ఎంత సేపు! సిస్టర్ బ్యాచ్ నంబరు, ఎక్స్‌పైరీ పైకి చదువుతోంది, నా రూమ్మేటు రాసుకుంటోంది. నేనూ, హౌస్ సర్జనూ, ఇంకో స్టూడెంటూ మంచం చుట్టూ నిలబడి, చపాతీ ఉండలు చేస్తున్నట్టు అరచేతులు ఆడిస్తున్నాం. ఆయమ్మ అట్టపెట్టెలు చింపి సీసాలు వరుసగా పెట్టింది. అంతకుమించి మందు ముట్టుకోలేదు, అది తన పని కాదని ఆమెకు తెలుసు. తర్వాత వెళ్లి పిల్లాడి తల్లిని పట్టుకుని కూర్చుంది. ఆరు గంటల తర్వాత చేసిన పరీక్షలో రక్తం గడ్డకట్టింది.

ఇప్పుడు నేను పనిచేసే బెంగళూరు ఐ.సి.యు.లో గోడ మీద ఎస్.బి.ఏ.ఆర్. అని చార్టు ఉంది. పరిస్థితి ఏమిటి, వెనక ఏం జరిగింది, నీకేమనిపిస్తోంది, ఏం చేయమంటావు, ఈ వరుసలో డాక్టరుకు చెప్పాలి. అమెరికా నౌకాదళం జలాంతర్గాముల్లో మొదలైన పద్ధతట. మంచిదే, ట్రైనింగులో నేనే నేర్పుతాను. డాక్టరు తప్పు డోసు చెబితే ఏమంటారని అడిగితే పిల్లలు చార్టు వైపు చూస్తారు. అప్పుడు నేను చార్టు వదిలేసి ఆయమ్మ కథ చెబుతాను.

ఈసారి కలిసేటప్పుడు ఆమెను కూడా పిలవమన్నాను. కమిటీవాళ్లు సరేనన్నారు. కార్డు ఇవ్వడానికి వెళ్లేవాళ్లు పూర్తిగా చదివి వినిపించండి. మైకులో చెప్పినట్టు కాకుండా, పక్కన కూర్చుని.