మూజువాణి ఓటుకు లెక్క అడిగిన ఆదివారం

కార్తీకమాసం కావడంతో తిరుపతిలో కపిలతీర్థం వైపు దారులన్నీ కిక్కిరిసి ఉన్నా, ఈ సాయంత్రం ఐదింటికల్లా మా వీధి రామాలయం మండపంలో కుర్చీలన్నీ నిండిపోయాయి. పదవీకాలం ముగియడానికి కొన్ని నెలలే మిగిలి ఉన్నందున, ఇన్నేళ్లలో కౌన్సిల్ ముందుకు వచ్చిన ముఖ్యమైన అంశాల మీద తాను ఏ వైపు నిలబడిందీ వీధివాళ్లకు స్వయంగా చెబుతానని మా డివిజన్ కార్పొరేటర్ గారు వారం కిందటే కబురు పంపారు. ఇదంతా మళ్లీ ఓట్లకు వచ్చే ఏర్పాటేనని ఎదురింటాయన దారిలోనే తేల్చేశాడు. కావచ్చు. ఓట్ల కోసమే అయినా లెక్క చెప్పడానికి వచ్చి కూర్చున్నవాళ్లను నేను ఎక్కువమందిని చూడలేదు.

ఉద్యోగకాలంలో చాలా భాగం జిల్లాలోని వేరొక పురపాలక కార్యాలయంలో కౌన్సిల్ సెక్షన్ గుమాస్తాగా గడిపినవాణ్ణి కాబట్టి, ఆమె ఏం చెబుతారన్న దానికంటే ఏ కాగితం చూపించి చెబుతారన్నదే నాకు ఆసక్తి. సభ్యుడు ఎటు ఓటు వేశాడో చెప్పే పట్టిక ఏ పురపాలక కార్యాలయంలోనూ సిద్ధంగా ఉండదు. అజెండాలోని అంశం చదువుతారు, ఒకరిద్దరు మాట్లాడతారు, అధ్యక్షస్థానం నుంచి ‘ఆమోదిద్దామా’ అని అడుగుతారు, బల్లలు చరుస్తారు (మూజువాణి ఓటు అంటే ఇదే), తీర్మానాల పుస్తకంలో ‘చర్చించి ఆమోదించడమైనది’ అన్న ఒక్క వాక్యం చేరుతుంది. అసమ్మతి ఉన్నవాళ్లు లేచి, తమ పేరుతో నమోదు చేయమని పట్టుబట్టి, వీలైతే రాతపూర్వకంగా ఇచ్చినప్పుడే ఆ పుస్తకంలో వాళ్ల జాడ మిగులుతుంది. అలా పట్టుబట్టేవాళ్లు అరుదు. పట్టుబట్టినా మరుసటి సమావేశంలో మినిట్స్, అంటే సమావేశంలో జరిగినదాని నమోదు, ధ్రువీకరించేటప్పుడు తమ మాట సరిగ్గా ఎక్కిందో లేదో చూసుకునేవాళ్లు మరీ అరుదు.

తిరుపతి సంగతి ఇంకొంచెం ప్రత్యేకం. 2007 మార్చిలో మున్సిపాలిటీ కార్పొరేషన్‌గా మారినా, కార్పొరేషన్ హోదాలో తొలి ఎన్నిక 2021 మార్చి 10న గాని జరగలేదు. ఏళ్ల తరబడి ప్రత్యేకాధికారుల పాలనలో బతికిన ఊరికి, మన తరఫున సంతకం పెట్టే మనిషిని ఆ సంతకం గురించి నిలదీయవచ్చన్న అలవాటే తప్పిపోయింది. పైగా 50 డివిజన్లలో ఎన్నిక జరిగిన 49కి గాను 48 ఒకే పార్టీకి దక్కిన సభలో, మూజువాణి ఓటు అంటే ఇంచుమించు ఒకే గొంతు. మూడు లక్షలు, అంతకు మించి జనాభా ఉన్న పట్టణాల్లో వార్డు కమిటీలు ఉండాలని రాజ్యాంగంలోని 243ఎస్ అధికరణం చెబుతోంది గాని, 2011 జనాభా లెక్కల్లో మన నగరం ఆ సంఖ్యకు కాస్త ఇవతలే ఆగింది. కనుక ఈరోజు సభను ఎవరో ఆదేశించి పెట్టించారని అనుకోవడానికి లేదు.

ఆమె చేతిలో ట్యాగు కట్టిన ఫైలు, అందులో మినిట్స్ నకళ్లు, అక్కడక్కడా పసుపు చీటీలు అంటించి ఉన్నాయి. ఆ చీటీలు చూసి నాకు సగం నమ్మకం కుదిరిందని ఒప్పుకోవాలి.

మొదట ఆస్తి పన్ను దగ్గరే అరగంట దాటింది. మా వెనక వీధిలో మిషన్ కుట్టే ఆవిడ తన పన్ను రసీదులన్నీ ప్లాస్టిక్ కవరులో పెట్టుకొని తెచ్చింది. “ఏందమ్మా ఇది, ఏడాదికి ఏడాది పెరగతానే ఉండాది. ఇంటికి ఒక్క ఇటుక చేర్చింది లేదే. దీనికి చెయ్యెత్తినావా లేదా, అది చెప్పు ముందు” అని ఆమె సూటిగా అడిగింది.

ఎత్తానని కార్పొరేటర్ గారు తడుముకోకుండా అన్నారు. అద్దె విలువను బట్టి పన్ను వేసే పాత పద్ధతిని తీసేసి, రిజిస్ట్రేషన్ విలువ ఆధారంగా లెక్కగట్టే మూలధన విలువను బట్టి వేయాలని 2020లో రాష్ట్ర శాసనసభ చట్టాన్ని సవరించిందని, 2021 ఏప్రిల్ నుంచి అది అమల్లోకి వచ్చిందని, నివాస గృహాలకు 0.10 నుంచి 0.50 శాతం లోపు రేటు నిర్ణయించుకోవడమే స్థానిక సంస్థకు మిగిలిందని ఆమె వివరించారు. ఒకేసారి భారం పడకుండా ఏ ఏడాదీ అంతకుముందు ఏడాది పన్ను మీద 15 శాతానికి మించి పెంచకూడదన్న పరిమితి ఉందని కూడా గుర్తు చేశారు. చెప్పింది నిజమే. కాని ఆ 15 శాతం అన్న మాట వినడానికి ఎంత చిన్నదో రసీదుల మీద అంత చిన్నది కాదు. రెండు వేలు కట్టే ఇల్లు మరుసటి ఏడాది 2,300, ఆ తరువాత 2,645, ఆపై మూడు వేలు దాటించి కడుతుంది. ఏటా ఆ పరిమితి దాకా పెరుగుతూ పోతే ఐదేళ్లకు పన్ను రెట్టింపవుతుంది. ఈ లెక్క నేను కాగితం మీద వేసి చూపించాను. ఆవిడ తన రసీదులతో సరిచూసుకొని, “అదే గదా సారూ నేను చెప్తా ఉండేది” అంది.

రేటు నిర్ణయించే వీలు కౌన్సిల్‌కు ఉన్నప్పుడు ఆ 0.10కి దగ్గరగా ఉంచాలని మీరు అడిగారా అని నేను నిలబడి అడిగాను. అడగలేదని, ఆఫీసు నోట్‌లో, అంటే అధికారులు రాసి పంపే ప్రతిపాదనలో, వచ్చిన రేటునే అందరితో పాటు ఆమోదించానని, తాను అప్పటికి కొత్త సభ్యురాలినని, ఆ నోట్ పూర్తిగా చదివి అర్థం చేసుకునేంత వ్యవధి దొరకలేదని ఆమె అన్నారు. వెనక నుంచి ఒక కుర్రవాడు, ఇలాగే ఓటు వేయాలని పార్టీ విప్ ఉంటుంది కదా, ఆమె మాత్రం ఏం చేస్తుందని సాయానికి వచ్చాడు. మేయర్ ఎన్నికలో విప్ ధిక్కరిస్తే పదవే పోతుంది, నిజమే. పన్ను రేటు తగ్గించమని ఒక మాట అడిగితే పోయేది ఏమిటి? ఈ ప్రశ్న నేను పైకి అనలేదు. అని ఉండాల్సిందేమో గాని, ఆవిడ అప్పటికే రసీదులు మడిచి కవరులో పెట్టేసుకొని, ఏప్రిల్‌లోనే ఏడాది మొత్తం కట్టేస్తే వచ్చే ఐదు శాతం రాయితీ గురించి అడగడం మొదలుపెట్టింది. జనానికి రేటు కంటే రాయితీ దగ్గర.

చెత్త పన్ను మీద మాత్రం కాలం వృథా అయింది. 2021 అక్టోబరులో మొదలై, ఇంటికి నెలకు 120 రూపాయల దాకా వార్డు సచివాలయం సిబ్బంది వెంటపడి వసూలు చేసిన ఆ రుసుము 2024తో రద్దయిపోయింది. తాను కౌన్సిల్ లోపల అనుకూలంగా ఉన్నా బయట వసూళ్లలో కటువుగా ఉండొద్దని సిబ్బందికి చెప్పానని ఆమె అన్నప్పుడు కొందరు నవ్వారు. నేనూ నవ్వాను. ఓటు ఒకచోట, జాలి ఇంకొకచోట పెట్టుకోవడం సౌకర్యమే.

శ్రీనివాస సేతు గురించి ఒకరు అడిగారు. ఆ వంతెన కింది దుకాణాల వ్యాపారం దెబ్బతిన్నదని, దానికి కౌన్సిల్ ఎందుకు ఒప్పుకుందని ఆయన ప్రశ్న. అది కౌన్సిల్ ఓటుతో తేలిన పని కాదని, టీటీడీ 67 శాతం, స్మార్ట్ సిటీ సంస్థ 33 శాతం ఖర్చు పెట్టుకొని కట్టిన వంతెన అని ఆమె చెప్పారు. ఇది తప్పించుకునే సమాధానంలా వినిపించినా సరైన సమాధానమే. ఈ ఊళ్లో కంటికి పెద్దగా కనిపించే పనుల్లో చాలావాటికి కౌన్సిల్ హాలుతో సంబంధం తక్కువ. మన కార్పొరేటర్ చెయ్యి నిజంగా పనిచేసేది వీధి దీపం, కాలువ, పన్ను రేటు, దుకాణాల లీజు వంటి చోట్లే. అందుకే ఆ చిన్నవాటి లెక్కే గట్టిగా అడగాలని నా అభిప్రాయం.

అలా అడగవలసిన అంశం చివరికి వచ్చింది. 2021 నవంబరు వానలు ఈ వీధిలో ఎవరూ మరచిపోలేదు. శేషాచలం కొండల మీద నుంచి దిగే నీళ్లు ఊరు దాటి స్వర్ణముఖి వైపు పోవడానికి ఉన్న కాలువలు ఎక్కడికక్కడ ఇరుకైపోవడంతో, ఆ నాలుగు రోజులూ ఇళ్లల్లోకి వచ్చిన నీళ్లు బయటికి పోలేక అలాగే నిలబడ్డాయి. మా డివిజన్ అంచున ఉన్న వాననీటి కాలువ మీది ఆక్రమణలు తొలగించి వెడల్పు చేసే ప్రతిపాదన ఆ తరువాత ఒక సాధారణ సమావేశంలో అజెండాకు ఎక్కి, వాయిదా పడింది. ఆమె ఫైలులో ఆ పేజీకి పసుపు చీటీ లేదు.

ఆ రోజు మీరు ఏమన్నారని హోమియో డాక్టరు గారు అడిగారు. ఆమె కాస్త ఆగి, ఆ అంశం చదివే సమయానికి తనకు ఫోను వస్తే బయటికి వెళ్లానని, తిరిగి వచ్చేసరికి వాయిదా వేసేశారని చెప్పారు. ఆ తరువాత తనే కొనసాగించి, ఆ కాలువ గట్టు మీద ఉన్న కుటుంబాలు కూడా తనకు ఓటు వేసినవాళ్లేనని, వాళ్లకు వేరే స్థలం చూపకుండా తొలగించమని తన నోటితో ఎలా అనగలనని అడిగారు.

ఆ హాళ్ల గుమ్మాల దగ్గర కూర్చొని పనిచేసినవాణ్ణి కాబట్టి ఈ ఫోనులు నాకు కొత్త కాదు. నా రోజుల్లో అది టీ. కష్టమైన అంశం నంబరు దగ్గరపడుతున్నకొద్దీ ఒక్కొక్కరే కండువా సవరించుకుంటూ లేచి వరండాలోకి నడిచేవారు. హాజరు పట్టీలో సంతకం ఉంటుంది, తీర్మానంలో మాట ఉండదు, అటువాళ్లకూ ఇటువాళ్లకూ ‘నేను మీ వైపే’ అని చెప్పుకోవచ్చు. వ్యతిరేకంగా నిలబడినవాణ్ణి నేను గౌరవించగలను, అనుకూలంగా నిలబడినవాణ్ణీ గౌరవించగలను. వరండాలో నిలబడినవాళ్ల గురించి మాత్రం నాకు ఎప్పుడూ మంచి మాట రాలేదు.

అయినా ఆమె వాదనలో బలం లేదని అనను. గట్టు మీదివాళ్లు సరదాకు అక్కడ కాపురం పెట్టలేదు. వాళ్ల ఇళ్లల్లోకి మా ఇళ్ల కంటే ముందే నీళ్లు వచ్చాయి. సరిగ్గా అందుకే ఆ మాట హాలులో, మైకు ముందు, మినిట్స్‌కు ఎక్కేలా చెప్పాలి. “అమ్మా, ముందు వాళ్లకు స్థలం చూపండి, తరువాత కాలువ వెడల్పు చేయండి అని మీరు రాసిచ్చి ఉంటే అది వాళ్లకూ పనికొచ్చేది, మాకూ పనికొచ్చేది. కాగితం మీద లేని మంచి ఎవరికి తెలుస్తుంది?” అని నేను అన్నాను. డాక్టరు గారు ఇంకొంచెం గట్టిగానే అన్నారు, అది ఇక్కడ రాయను.

ఆమె నొచ్చుకున్నట్టే కనిపించారు గాని లేచి వెళ్లలేదు. “సార్, మీరు చెప్పినట్టే రాసిస్తా. ఎట్లా రాయాలో మాత్రం మీరే చూపించండి. మాకు ఎవురూ నేర్పించలేదు” అన్నారు. ఇందులో వ్యంగ్యం ఉందో లేదో నాకు తెలియలేదు. ఎన్నికైనవాళ్లకు ఆఫీసు నోట్ ఎలా చదవాలో, అసమ్మతి ఎలా నమోదు చేయించుకోవాలో, సమావేశం రోజు పొద్దున చేతిలో పెట్టే టేబుల్ అజెండాను ఎలా ఆపమని అడగాలో కూర్చోబెట్టి చెప్పినవాళ్లు ఉన్నట్టు నా సర్వీసులోనూ చూడలేదు.

అందరూ వెళ్లాక గుడి అరుగు మీదే కూర్చొని ఒక నమూనా రాసిచ్చాను: కాలువ అంశం మళ్లీ అజెండాలో చేర్చమని కోరుతూ ఒక పేరా, గట్టు మీది కుటుంబాలకు ముందుగా ఇంటిస్థలం చూపాలన్న షరతుతో ఒక పేరా, సభ దీనితో ఏకీభవించకపోతే తన అభిప్రాయాన్ని పేరుతో సహా మినిట్స్‌లో నమోదు చేయాలన్న వాక్యం చివర. వాయిదా తీర్మానం నకలు తానే తెప్పిస్తానని ఆమె అన్నారు. డాక్టరు గారికి ఆ మాట మీద గురి కుదరక, సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల రుసుము కట్టి రేపే తిలక్ రోడ్డు ఆఫీసులో దరఖాస్తు ఇద్దామన్నారు. సోమవారం అర్జీల రోజు కాబట్టి రద్దీగా ఉంటుందని, మంగళవారం వెళ్దామని నేను చెప్పాను. ఆయన మాత్రం రేపే అంటున్నారు.