దెబ్బ తర్వాత పడే మాట: సెసిల్ మెక్‌లోరిన్ సాల్వాంట్ జాజ్ గానం

జాజ్ పాటకు సాధారణంగా 32 బార్లు (ఒక్కో బార్‌కు మామూలుగా నాలుగు తాళపు దెబ్బలు), ఎనిమిదేసి చొప్పున నాలుగు ముక్కలు. మంచి గాయని మాటను సరిగ్గా దెబ్బ మీద వేయదు. అర దెబ్బో, దెబ్బో ఆగి వేస్తుంది. ముక్క చివరికొచ్చేసరికి పదాలు దగ్గరగా పేర్చి బాకీ తీర్చేస్తుంది. మన కచేరీలో ఎత్తుగడ (పాట అందుకునే చోటు) సమం (తాళం మొదటి దెబ్బ) దాటి వచ్చినా ఆ చోటు ముందే ఖాయం. ఇక్కడ పాడిన ప్రతిసారీ మారుతుంది.

ఇది చెడేది చాలాసార్లు గాయని వల్ల కాదు. పియానో ఆమె కోసం ఆగుతుంది. ఆమె ఇంకాస్త వెనక్కి జరుగుతుంది. రెండో ఆవృత్తికల్లా పాట ఈడుస్తూ ఉంటుంది! బాస్ (మంద్రస్వరాల పెద్ద తీగవాద్యం) కదలకుండా నాలుగు దెబ్బలూ పట్టుకుంటేనే ఆ ఆలస్యం అందంగా వినపడుతుంది.

ఇది తెలియాలంటే జాజ్ గాయని సెసిల్ ఆల్బమ్ 'డ్రీమ్స్ అండ్ డాగర్స్' (2017) వినండి. అందులో చాలావరకు న్యూయార్క్ విలేజ్ వాన్‌గార్డ్‌లో జనం ముందు రికార్డు చేసిందే. మెట్లు దిగి వెళ్లే చిన్న క్లబ్బు, 1935 నాటిది, 123 సీట్లు. అంత ఇరుకులో సింబల్ (డ్రమ్స్‌లోని లోహపు పళ్లెం) మోత గాయని మైకులోకి దూరక మానదు. తర్వాత ఒక్క మాట మళ్లీ పాడించి అతికిస్తే వెనకున్న సింబల్ అక్కడే తెగి, అతుకు బయటపడుతుంది. స్టూడియోలో విడిగదిలో పాడితే ఆ బెడద ఉండదు, కానీ డ్రమ్మర్ ఊపిరి అందదు.

ఇక మైకు. మామూలు స్టేజి మైకు పెదాలకు రెండు వేళ్ల దూరానికొస్తే మంద్రం ఉబ్బుతుంది; గుసగుసగా పాడే వరుసకు అదే కావాలి. తారస్థాయికి ముందు మైకు వెనక్కి వెళ్లాలి. దూరం రెట్టింపైతే గొంతు దాదాపు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. లాగడం ఆలస్యమైతే మొదటి అక్షరం పగులుతుంది, తొందరపడితే గొంతు పల్చబడుతుంది. 'ప', 'బ'ల గాలి నేరుగా తగలకుండా మైకును మూతి పక్కకు కాస్త వాల్చాలి.

'ద విండో' (2018)లో బాస్ లేదు, డ్రమ్స్ లేవు. ఒక పాటలో సాక్సోఫోన్ వస్తుంది, మిగతాదంతా ఆమె గొంతు, సలివన్ ఫోర్ట్‌నర్ కీబోర్డు వాద్యాలే. రెండు ఆల్బమ్‌లకూ గ్రామీ వచ్చింది గాని, నా ఓటు దీనికే. కాలితో నాలుగు లెక్కేస్తూ, ఆమె ఆగిన చోటల్లా ఫోర్ట్‌నర్ ఎడమచేతి మీద చెవి పెట్టండి.